గేటు కెమెరాకు నేనిచ్చిన నంబరు

మా రౌటర్ లోపల ఒక పట్టిక ఉంటుంది. లాప్‌టాప్‌లో నాలుగు ముక్కల అంకె కొట్టి, పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకుంటుంది. ఇంట్లో వైఫై పట్టుకున్న ప్రతి వస్తువు పేరూ, దాని ఎదురుగా దానికి దక్కిన నంబరూ కనిపిస్తాయి. నా ఫోను, టీవీ, లాప్‌టాప్, గేటు కెమెరా. వాటి కింద ఇంకొక వరుస ఉంది. వాడుకలో ఉన్నవి ఆకుపచ్చగా, లేనివి బూడిద రంగులో కనిపిస్తాయి. ఆ వరుస దాదాపు రోజంతా బూడిద రంగులోనే ఉంటుంది. చెరిపెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. ఏడాది దాటింది, నేను నొక్కలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు నా నోటి సంగతి చెప్పాలి.

నా నోరు మంచిది కాదు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది, మా గల్లీలో ఎవరినడిగినా చెప్తారు. కూరగాయల బండి అతనితోనూ, కరెంటు మీటరు చూసే అతనితోనూ, అత్తగారి వైపు చుట్టాలతోనూ నేను వాదించి ఓడిపోయిన రోజు నాకు గుర్తు లేదు. డిగ్రీలో గణితం చదివాను. పన్నెండేళ్లు ప్రైవేటు బడిలో అదే చెప్పాను. మోకాళ్లు నిలబడనివ్వక బడి మానుకున్నాను గానీ పాఠం చెప్పడం మానలేదు. ఎవరేం మాట్లాడినా "ఆధారమేంది?" అని అడగడం నాకు అలవాటు. ఆ మాట ఇక్కడ రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

మాది కరీంనగర్‌లో కింద మూడు గదులు, పైన రెండు గదుల పోర్షన్ ఉన్న ఇల్లు. మా ఆయన ఉద్యోగం ఆదిలాబాద్‌లో. నెలకు రెండుసార్లు వస్తాడు. పై పోర్షన్‌లో ఒకమ్మాయి కిరాయికి ఉండేది. అమ్మాయంటే ముప్ఫై ఏళ్లుంటాయి. సుల్తానాబాద్ దగ్గర పల్లె. భర్త మస్కట్‌లో బిల్డింగు పనుల్లో ఉన్నాడు. ఐదేళ్ల పాప ఉంది. పాప చదివే బడిలోనే తానూ చిన్న పిల్లలకు టీచరుగా చేసేది. ఇద్దరూ పొద్దున కలిసి పోయి సాయంత్రం కలిసి వచ్చేవాళ్లు. నన్ను "అక్కా" అని పిలిచేది. కూర ఏది వండినా గిన్నెలో ఇంత తెచ్చి మెట్ల మీద పెట్టి, "అక్కా, మూత తియ్యుండ్రి, చల్లారిపోతది" అని పై నుంచే కేకేసేది.

వచ్చిన మొదటి రోజే వైఫై పాస్‌వర్డ్ నేనే ఆమె ఫోనులో కొట్టిచ్చాను. "వాడుకో, నాకేం తక్కువైతది" అన్నాను. ఆ తర్వాత ఆ సంగతి మా గల్లీలో కనీసం నలుగురికి చెప్పుకున్నాను. పెట్టింది ఒక పిడికెడు, చెప్పుకున్నది ఒక గంపెడు.

ఆ ఏడు చలికాలంలో మా బోరు దగ్గర స్టార్టరు డబ్బా, దాంతో పాటు రాగి తీగా ఎవరో ఎత్తుకుపోయారు. మా ఆయన ఆదిలాబాద్ నుంచే కంగారుపడి గేటు మీద కెమెరా పెట్టించాడు. ఆయన అక్కడ కూర్చుని ఫోనులో మా గేటు చూసుకోవాలి, అదీ ఏర్పాటు. కెమెరా గేటు స్తంభం మీద. దాని కరెంటు ప్లగ్గు మాత్రం మెట్ల గోడకు, సరిగ్గా పై పోర్షన్ తలుపు పక్కన. ప్లగ్గు చోటు గుర్తు పెట్టుకోండి. నేను అతిగా గుర్తు పెట్టుకున్నాను.

కెమెరాతో ఒక చిక్కు వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆయన ఫోనులో గేటు కనిపించడం మానేసేది. ఆదిలాబాద్‌లో మరాఠీ వాళ్ల మధ్య కూర్చుని కూర్చుని ఆయనకు ఆ మాటలు అంటుకున్నాయి. రోజుకోసారి ఫోను చేసి "కాయ్ ఝాలం? ఏమైందే, గేటు కనవడ్తలేదు" అనేవాడు. బిగించినతన్ని పిలిపిద్దామంటే నేను ఒప్పుకోలేదు. "డిగ్రీల మ్యాథ్స్ చదివిన. గా డబ్బాను సముదాయించుకోలేనా?" అన్నాను. రెండు మధ్యాహ్నాలు కూర్చుని వీడియోలు చూసి నేర్చుకున్నాను.

నేర్చుకున్నది ఇది. రౌటర్ అంటే మన ఇంటి తపాలా బంట్రోతు. ఇంట్లో ప్రతి వస్తువుకూ అది ఒక ఇంటి నంబరు ఇస్తుంది. ముందు భాగం అందరికీ ఒకటే, అది గల్లీ పేరనుకోండి. చివరి అంకె మాత్రం ఒక్కొక్కదానికి వేరు. మా రౌటర్ నూరు నుంచి నూటతొంభై తొమ్మిది దాకా తన దగ్గర పెట్టుకుని, వచ్చినవాళ్లకు ఖాళీ చూసి పంచుతుంది. ఆదిలాబాద్ నుంచి మా ఆయన చూపు వచ్చినప్పుడు దాన్ని ఫలానా నంబరుకు పంపు అని రౌటర్‌కు ముందే చెప్పి ఉంచాలి. కానీ కరెంటు పోయి వచ్చేసరికి కెమెరాకు ఇంకో నంబరు పడుతుంది. చూపు పాత ఇంటి తలుపు కొట్టి తిరిగి వెళ్తుంది. కాబట్టి కెమెరాకు మారని నంబరు ఒకటి మనమే చేత్తో ఇవ్వాలి. ఇక్కడ వీడియోలో మాట్లాడినాయన ఒక హెచ్చరిక చేశాడు. రౌటర్ పంచే నంబర్లలోంచి తీసుకోవద్దు, నూరులోపు ఏదైనా పెట్టుకోమన్నాడు. విన్నాను. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా.

కెమెరా సెట్టింగుల్లో నంబరు పెట్టే గడి నా ముందు తెరుచుకుంది. నేను నూట ఎనిమిది కొట్టాను.

ఎందుకు కొట్టానో మా ఆయనకు కూడా చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. మా అత్తగారింట్లో అందరికీ తొమ్మిది పిచ్చి. స్కూటరు నంబరు కూడితే తొమ్మిది రావాలి, ఫోను నంబరు కూడితే తొమ్మిది రావాలి. ఒక బావగారైతే కారుకు నచ్చిన నంబరు దొరికేదాకా నాలుగు నెలలు ఇంటి ముందు కవరు కప్పి ఉంచాడు. పాతికేళ్లుగా వాళ్లను ఎగతాళి చేసిన నోరు నాది. పెళ్లిళ్లలో నలుగురు నవ్వేటట్టు చేశాను. "ఏ అంకెనైనా తొమ్మిదితోని గుణించి, వచ్చినయి కూడితె మళ్ల తొమ్మిదే వస్తది, గది దేవుని మహిమ కాదు, ఎక్కం మహిమ" అని బోర్డు మీద పాఠంలా చెప్పాను. అలాంటిదాన్ని, ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. దొంగ పడ్డ ఇల్లు. మనసులో ఒక బెరుకు. ఒకటి, సున్నా, ఎనిమిది. కూడితే తొమ్మిది. పైగా జపమాలలో పూసలన్ని. వేలు దానంతటదే పోయిందని అబద్ధం చెప్పను. నేనే కొట్టాను, కొట్టి కళ్లకద్దుకున్నంత పని చేశాను.

వెంటనే కెమెరా వచ్చింది. ఆదిలాబాద్‌లో గేటు స్పష్టంగా కనిపించింది. మా ఆయన "అబ్బ, ఇంజినీరువే" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట కొంగున కట్టుకుని తిరిగాను.

నూట ఎనిమిది నిజానికి ఖాళీ కాదు. రౌటర్ దాన్ని ఎప్పుడో పై పోర్షన్ అమ్మాయి ఫోనుకు ఇచ్చి ఉంది. నేను నంబరు కొట్టిన వేళకు ఆమె బడిలో ఉంది. ఇంటివాళ్లు పనికి పోయిన వేళ చూసి ఇల్లు ఖాళీ అనుకుని సామాను దించినట్టయింది నా పని. ఇవన్నీ తర్వాత తెలిసినవి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. సాయంత్రం నాలుగున్నరకు కెమెరా ఆగిపోయింది. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చింది. మళ్లీ నాలుగున్నరకు ఆగింది.

నాలుగు రోజులు చూశాను. తర్వాత వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. పాపను తీసుకుని ఆమె గేటు తియ్యడం, మెట్లెక్కడం, పది నిమిషాల్లో కెమెరా బంద్. ఐతారం ఆమె ఇంట్లో ఉంటుంది, ఆ రోజు కెమెరా వచ్చేది పోయేది, ఎక్కువసేపు లేనట్టే. మార్చిలో ఒంటిపూట బడులు మొదలై ఆమె మధ్యాహ్నం ఒంటిగంటకే రావడం మొదలుపెట్టింది. కెమెరా కూడా ఒంటిగంటకే ఆగడం మొదలుపెట్టింది. ఇంకేం కావాలి? ప్లగ్గు ఆమె తలుపు పక్కనే. రెండుసార్లు గబగబా మెట్లెక్కి చూశాను. ప్లగ్గు ఉన్నచోటే ఉంది. నా మోకాళ్ల చప్పుడు విని మళ్లీ పెట్టేసి ఉంటుందనుకున్నాను. ప్లగ్గు ఊడి ఉంటే ఆమె దొంగ, ఊడకపోతే ఇంకా పెద్ద దొంగ. నా లెక్కలో ఆమె గెలిచే దారే లేదు.

ఆ రోజుల్లోనే ఆమె ఒకసారి కిందికొచ్చి నిలబడింది.

"అక్కా, నెట్ అసలే వస్తలేదు. ఆయన ఫోన్ జేస్తె బొమ్మ ఆగిపోతుంది. పాప 'బాపూ బాపూ' అనంగనే కట్ అయితుంది. జర చూడరాదు?"

"ఊకెకొచ్చిన నెట్ గట్లనే ఉంటది" అన్నాను.

నవ్వింది. నేను వేళాకోళమాడుతున్నాననుకుంది. ఆ తర్వాత నన్ను అడగలేదు. మా పైగదుల్లో ఫోను సిగ్నల్ సరిగా అందదు. అందుకని సొంత డేటాతో మాట్లాడటానికి పాపను ఎత్తుకుని గల్లీ చివరికి పోయేది. మొగుడితో మాట్లాడటానికి ఇల్లు విడిచి గల్లీ చివరికెందుకు పోవాలి? అది కూడా క్యాలెండరు మీద రాశాను.

ఏప్రిల్‌లో ఒక ఐతారం మామిడికాయ తొక్కు పెట్టుకున్నాం. మా వాకిట్లో నీడ ఉంటుందని ఏటా మా దగ్గరే. కత్తిపీట మీద కాయలు కొట్టేది పక్కింటి అవ్వ. డెబ్బై దాటినా ఆమె వేటు తప్పదు. ఎదురింటామె జీడి తీస్తుంది. ఆమె పుట్టిల్లు సుల్తానాబాద్. ఇంకో ఇద్దరు అల్లం వెల్లుల్లి దగ్గర. పై పోర్షన్ అమ్మాయి ముక్కలు గుడ్డతో తుడిచి చాటలో ఆరబోస్తోంది. గుడ్డ తడిసిందని ఇంకోటి తేవడానికి పైకి పోయింది. అప్పుడే నా ఫోను మోగింది.

"కాయ్ ఝాలం? ఇప్పటిదాక మీరందరు కనవడ్డరు. అవ్వ కాయ కొట్టుడు చూస్తున్న. మళ్ల బంద్ అయింది" అన్నాడు మా ఆయన.

ఆమె మెట్లు దిగుతోంది. చేతిలో తెల్లగుడ్డ.

"ఏమే, పైకి వోయి ఏం జేసినవు?"

"గుడ్డ తెచ్చిన అక్కా. గిదిగో."

"గుడ్డ తెచ్చినవు. తెచ్చేటప్పుడు కెమెరా ప్లగ్గు పీకినవా లేదా?"

ఆమె నవ్వింది. "నేనెందుకు పీకుత అక్కా?"

"నవ్వకు. రెండు నెలల సంది రాసి పెట్టిన. నువ్వు ఇంటికి రాంగనే బంద్ అయితది, నువ్వు బడికి పోంగనే వస్తది. ఒంటిపూట బడి అయితె దానికి గూడ ఒంటిపూటనే. గిది నా మాట కాదు, లెక్క."

"ఒట్టు అక్కా, నేను ముట్టలే."

"మరెవరు ముట్టిండ్రు? కెమెరాకు నిద్రొచ్చిందా? మొగడు మస్కట్ల ఉండె. ఫోన్ మాట్లాడాల్నంటె గల్లీ చివరికి పోతివి. గేటు కాడ కండ్లు మూసెయ్యాలన్న అవసరం ఎవరికుంటదో నువ్వే జెప్పు."

కత్తిపీట మీద వేటు ఆగింది. పక్కింటి అవ్వ చెయ్యి అడ్డం పెట్టి, "అగో, ఊకో పిల్లా. గసోంటి మాట తియ్యకు" అంది. నేను ఊరుకునే రకమా. "మాట కాదవ్వా, ఆధారమున్నది" అన్నాను.

అమ్మాయి గుడ్డను మడతపెట్టి చాట అంచున పెట్టింది. ఇక నవ్వలేదు.

"మీరు జూసిండ్రా, మేడం?"

రెండేళ్లలో మొదటిసారి మేడం అంది.   ఆమె పాప చెయ్యి పట్టుకుని పైకి పోయింది. ముక్కలు తుడిచే పని ఎదురింటామె అందుకుంది.  కారం ఘాటుకు అందరి ముక్కులూ కారాయి, అదొక్కటే చప్పుడు. సాయంత్రం పై పోర్షన్ అమ్మాయి వాటా చిన్న జాడీలో ఎత్తి, పైన గుడ్డ కట్టి, పై మెట్టు మీద ఆమె తలుపు దగ్గర పెట్టాను. నేను మాట అంటాను గానీ పెట్టుపోతల్లో తేడా చెయ్యనని నాకు నేనే మెచ్చుకున్నాను. జాడీ అక్కడే ఉండిపోయింది.

వాకిట్లో మాట సుల్తానాబాద్ చేరడానికి ఎదురింటామె ఫోను సరిపోయింది. ఆమెనేం అనను. మాట పుట్టించింది ఆమె కాదు.

బేస్తవారం మధ్యాహ్నం పై పోర్షన్ అమ్మాయి అత్త బస్సు దిగి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, పొలం పని చేసిన చేతులు. పైకి పోలేదు. ముందు నా దగ్గరికే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప దగ్గర నేల మీద కూర్చుంది.

"బిడ్డా, నువ్వేం జూసినవో నాకు జెప్పు."

నేను నీళ్లిచ్చాను. తాగలేదు.

"మా కొడుకు గూడ అడుగుతుండు. ఫోన్ జేస్తె బొమ్మ ఆపేస్తదట. ఇల్లు చూపియ్యమంటె కోసేస్తదట. రెండు నెలల సంది గిదే కత. నెట్ బాగ లేదంటదట, మరి ఓనరింట్ల కెమెరాకు ఉన్న నెట్ నీకెందుకు లేదని ఆడు అడుగుతడు. ఇద్దరికీ ఒకటే లొల్లి. గిప్పుడు నువ్వన్న మాట గూడ ఎర్కైంది. ఇగ నాతోని తోల్కపోతున్న. పాపను మా ఊరి బడిల ఏస్త. నౌకరీ లేదు ఏం లేదు."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క నా గణితానికి తగిలింది. కెమెరా ఆగే రెండు నెలలే అతని బొమ్మా ఆగుతోంది.

"నువ్వు సదువు చెప్పినదానివి. ఉత్తగనే అనవు. నేను నమ్ముత. ఏం జూసినవో జెప్పు, మా కొడుక్కు చెప్పాలె."

ఆ నమ్మకం ఆమె నాకు ఇస్తుంటే తీసుకోవడానికి నా దగ్గర చేతులు లేవు. ఏం చూశాను? గేటు దగ్గర ఒక మనిషిని చూశానా? ఆమె ప్లగ్గు పీకడం చూశానా? ఏమీ చూడలేదు. కెమెరా ఆగిపోవడం చూశాను. ఆగిపోయిన తెర మీద నా బుద్ధికి తోచిన బొమ్మ నేనే వేసుకున్నాను.

అయినా నా అలవాటు నన్ను వదల్లేదు. "ఉండు పెద్దమ్మా, ఆధారం చూపిస్త" అని లాప్‌టాప్ తెచ్చి, ఆమె ముందే రౌటర్ పేజీ తెరిచాను. ఏ వేళకు ఏది ఆగిందో అందులో రాసి ఉంటుందన్న ఆశ. రెండు నెలలుగా నేను ఆ పట్టిక ఒక్కసారి కూడా తెరవలేదు. తెరవాలంటే తప్పు నాదై ఉండొచ్చన్న అనుమానం రావాలి. నాకెందుకొస్తుంది?

పట్టికలో నూట ఎనిమిది ఎదురుగా ఒక పేరు ఉంది. కెమెరా పేరు కాదు. పాప ముద్దుపేరు, ఇంగ్లిష్ అక్షరాల్లో. మస్కట్ నుంచి ఆ ఫోను పంపినప్పుడు తండ్రి దానికి కూతురి పేరు పెట్టి పంపాడని ఆమె నాకు ఒకసారి మురిసిపోతూ చెప్పింది.

ఒకే నంబరు, ఇద్దరు మనుషులు. ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంట్లో పడుతోంది. ఆమె ఫోను ఇంటికి రాగానే రెండూ ఒకే ఇంటి నంబరు కోసం గుంజుకుంటున్నాయి. ఒకసారి ఇది తెగుతుంది, ఒకసారి అది తెగుతుంది. ఇక్కడ మా గేటు ఆగిపోతోంది. అక్కడ మస్కట్‌లో పెళ్లాం ముఖం ఆగిపోతోంది. ఇక్కడ నాకు అనుమానం, అక్కడ అతనికి అనుమానం. రెండు అనుమానాలకూ నేను ఒక మధ్యాహ్నం కొట్టిన మూడు అంకెలే కారణం.

"దొరికిందా బిడ్డా?" అంది పెద్దమ్మ.

నేను లాప్‌టాప్ మూశాను.

"నెట్ వస్తలేదు పెద్దమ్మా. రేపు చూపిస్త" అన్నాను.

ఇప్పటిదాకా రాసిన తప్పులన్నీ ఒకెత్తు, ఆ అబద్ధం ఒకెత్తు. మిగతావి తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. ఆమె నెమ్మదిగా లేచి, గోడ పట్టుకుని మెట్లెక్కింది.

ఒక్కదాన్నే కూర్చుని కెమెరా నంబరు ఇరవైకి మార్చాను. ఆదిలాబాద్ చూపును ఇరవైకి పంపమని రౌటర్‌కు చెప్పాను. నూట ఎనిమిదిని పాప పేరున్న ఫోనుకే రాసిచ్చి, ఇంకెవరికీ ఇవ్వకుండా కట్టాను. పావుగంట పని. గేటు కెమెరా దీపం నిలకడగా వెలిగింది. పైన పాప ఫోనులో ఏదో బొమ్మల పాట ఆగకుండా చివరిదాకా పోయింది. అంతటితో అంతా సర్దుకుంటుందని, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని, ఒక పావుగంట నిజంగానే ఆశపడ్డాను. తర్వాత పైన ట్రంకుపెట్టె జరిపిన చప్పుడు వినిపించింది.

మెట్లెక్కాను. అత్త లోపలి గదిలో నడుం వాల్చింది. అమ్మాయి బట్టలు మడతపెడుతోంది. నేను గొంతు తగ్గించాను.

"కెమెరా సంగతి తెలిసింది. నువ్వు ముట్టలే. నంబర్ల గడబిడ అయింది."

"అయిందా, చేసిండ్రా మేడం?"

ఇలా మాట పట్టుకుని అడగడం నా పద్ధతి. నా దగ్గరే నేర్చుకుందేమో.

"చేసిన" అన్నాను.

"మా అత్తకు జెప్పిండ్రా?"

"లేదు. ముందు నీకు జెప్దామని..."

"నాకెందుకు? నేను పీకలేదని నాకు ఎర్కనే గదా." పాప లంగా ఒకటి మడిచి పెట్టెలో పెట్టింది. "నలుగురి నడుమ అన్నరు. గిప్పుడు నా చెవుల జెప్తున్నరు. రేపు శుక్రవారం, ఆయనకు సెలవు. రెండు గంటలకు ఫోన్ జేస్తడు. మా అత్త ఉంటది. అప్పుడు జెప్పుండ్రి. చెప్తరా?"

"చెప్త."

"మీ ఇష్టం" అంది. నమ్మినట్టు అనలేదు.

శుక్రవారం రెండుకు పది నిమిషాల ముందే పైకి పోయి నిలబడ్డాను. ఫోను మోగింది. బొమ్మ వచ్చింది, ఆగలేదు. టోపీ పెట్టుకున్న మనిషి, వెనక మూడు మంచాల గది. ఆమె ఫోను నా చేతికిచ్చింది. నాకు మాటలు రాకపోవడం నా జీవితంలో అరుదు. అందుకని నోటికొచ్చిన పెద్ద మాటలన్నీ వాడాను. ఐపీ అడ్రసులు, కాన్‌ఫ్లిక్టు, లోకల్ నెట్‌వర్కులో అప్పుడప్పుడు ఇలా జరుగుతుందని. చెప్తున్నది నాకే పాఠంలా వినిపిస్తోంది.

"ఏంది మేడం గది? జర తెలుగుల జెప్పుండ్రి" అన్నాడతను.

ఇంటి నంబరు సంగతి చెప్పాను. ఇద్దరికి ఒకే నంబరు పడితే ఏమవుతుందో చెప్పాను. విన్నాడు.

"అంటె, నా బొమ్మ ఆగింది గూడ గందుకేనా?"

"గందుకే."

"గా నంబర్ ఎవరు పెట్టిండ్రు?"

అత్త నా వైపు చూస్తోంది. ఆమె మాత్రం నన్ను చూడలేదు. ఇంకా మడతపెట్టని చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని దాని అంచు చూస్తోంది.

"నేనే పెట్టిన. మీ ఆమె తప్పు ఏం లేదు. నేను ఏమీ చూడలే. చూడకుండనే అన్న."

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత కదల్లేదు. బొమ్మ ఆగిందేమో అనుకున్నాను. కంటి రెప్ప కొట్టుకుంటోంది, ఆగలేదు.

"రెండు నెలలు దాన్ని మాటలతోని సతాయించిన మేడం" అన్నాడు చివరికి. "ఒకసారి ఫోన్ దానికియ్యుండ్రి."

ఇచ్చి కిందికి వచ్చేశాను. వెనకే అత్త దిగివచ్చింది. గడప దగ్గర ఆగి, "నిన్న నీకు నెట్ వస్తలేదంటివి గదా బిడ్డా" అంది. అంతే.  సాయంత్రం బస్సుకు ఒక్కతే సుల్తానాబాద్ పోయింది.

మిగిలినవి నాలుగిళ్లు. తొక్కు రోజు విన్నవాళ్ల ఇళ్లు. మర్నాడు పొద్దున బయల్దేరాను. మొదటి రెండిళ్లలో చెప్పాను, కాఫీలు తాగాను. ఎదురింట్లో చెప్తుంటే నా నోట్లోంచి వస్తున్న మాట నాకే వినపడింది, "మిషన్ల పొరపాటు." మొదటి రెండిళ్లలో కూడా అదే అని ఉంటాను. నాలుగోది పక్కింటి అవ్వది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ మొత్తం విని, చాట కింద పెట్టింది.

"మిషన్ల పొరపాటంటివి. మరి నీ నోరు గూడ మిషనేనా?"

"కాదవ్వా."

"మరి గది జెప్పు."

చెప్పాను. తిరిగి వెనక్కి నడిచి, మొదటి రెండిళ్లకూ, ఎదురింటికీ మళ్లీ పోయి, ఈసారి సరిగ్గా చెప్పాను. ఒకామె "పోనీ తియ్యి అక్కా, అందరం అంటం" అంది. ఓదార్పుకే అంది. నాకు మాత్రం ఇంకాస్త తల దిగింది.

అత్త తీసుకుపోలేదు కాబట్టి ఆమె ఉద్యోగం నిలబడింది, పాప బడీ నిలబడింది. నిలబడనిది మా ఇల్లు. వేసవి సెలవుల్లో రెండు గల్లీల అవతల వేరే పోర్షన్ చూసుకుంది. సామాను ఎక్కించే రోజు నేను సాయం పడితే వద్దనలేదు. "ఆ బిందె జర మెల్లగ మేడం" అంది. పోయాక మెట్లు ఊడుస్తుంటే కెమెరా ప్లగ్గు కింద జాడీ కనిపించింది. గుడ్డ కట్టిన ముడి నేను వేసినట్టే ఉంది.

ఎవరు పెట్టారని అందరూ అడిగారు, ఆ నంబరే ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. మా ఆయన కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. పాతికేళ్లు నేను నవ్విన ఆ ఇంటి మనుషుల్లో ఒక్కరు కూడా తమ తొమ్మిది కోసం ఇంకొకరి ఇంటి నంబరు లాక్కోలేదు.

కెమెరా ఇరవైలోనే ఉంది. వాకిలితో పాటు గల్లీని కూడా చూసే దాని ముఖాన్ని మా గేటు లోపలి వైపుకే తిప్పించాను. పాస్‌వర్డ్ మార్చలేదు. బడికి పోయే దారి మా గల్లీలోంచే. అందువల్ల సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పట్టిక తెరిచి ఉంచితే, పాప పేరున్న వరుస ఒక్క నిమిషం ఆకుపచ్చగా మారి, మళ్లీ బూడిద రంగుకు తిరుగుతుంది. నేను రోజూ చూస్తానని కాదు. చూడనని కూడా కాదు.

మొన్న అలా మారగానే లేచి గేటు దాకా పోయాను. మోకాళ్లు ఎలా సహకరించాయో. ఆమె పాప సంచీ భుజానికేసుకుని వస్తోంది. నన్ను చూసి నడక తగ్గించింది.

"ఈ ఏడు తొక్కు పెట్టిండ్రా మేడం?"

"పెట్టిన. నీకు కొంచెం తీసి పెట్టిన. పంపియ్యనా?"

"పాపకు కారం పడ్తలేదు" అంది మర్యాదగా. "ఉంట మరి."

పాప వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికొచ్చాను. తెర మీద ఆ వరుస అప్పటికే బూడిద రంగుకు తిరిగింది.